మన బండి, మా బండి

‘ఒరిజినల్’ అనే మాట రాసేముందు మనిషి చేతులు కడుక్కోవాలని ఒక కట్టుబాటు ఉంటే బాగుండేది.

మొన్న ఆదివారం పొద్దున, రోజూ పోయినట్టే, తార్నాక నుంచి యూనివర్సిటీ లోపలికి నడకకు పోయాను. రాతితో కట్టిన పెద్ద కాలేజీ ముందర షామియానాలు వేసి ఉన్నాయి. పాత కార్ల ప్రదర్శనట. కడిగి, తుడిచి, పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు వరసగా నిలబెట్టారు. నాకు పాత కార్ల మోజు లేదు. మెట్టుగూడలో బ్యాటరీలూ డైనమోలూ బాగుచేసి బతికినవాణ్ని. మిఠాయి చేసేవాడికి మిఠాయి మీద ఎంత ఆశ ఉంటుందో నాకు కార్ల మీద అంత. దాటి పోదామనే అనుకున్నాను.

వాసన ఆపింది. పాత పెట్రోలు, వేడెక్కిన రెగ్జిన్, కాలిన నూనె. వాటి అడుగున ఇంకొకటి, బియ్యంలో మాగిన సీతాఫలం వాసన. ఇన్నేళ్ల తర్వాత అది ఎట్లా వస్తుంది? ముక్కు అబద్ధమాడి ఉంటుంది. కాళ్లు మాత్రం నిజంగానే ఆగాయి.

ఎదురుగా ఆకుపచ్చ రంగు ఇంగ్లండు బండి. రెండే సీట్లు, పైకప్పు లేదు, పొడుగాటి మూతి. ముందర బోర్డు మీద ‘పూర్తిగా ఒరిజినల్’ అని ఇంగ్లిషులో రాసి ఉంది. పక్కన చిన్న బల్ల మీద ఎర్ర మఖమల్ పరిచి పానాలు పేర్చారు. కారుతోపాటే ఓడలో వచ్చిన ఒరిజినల్ పనిముట్లని వాటికొక చీటీ. వంగి చూశాను. ప్రతి పానా మెడ మీద ఆకురాయితో గీసిన రెండు గీట్లున్నాయి.

ఆ గీట్లు ఇంగ్లండులో గీసినవి కావు. మా బాపు గీసినవి.

---

అప్పట్లో తార్నాక ఊరూ కాదు, పట్నమూ కాదు. రెండింటి నడుమ అలిసిపోయి కూర్చున్నట్టు ఉండేది. తార్ నాకా అంటే ముళ్లతీగ కంచె దగ్గరి కాపలా చౌకీ అని మా నాయినమ్మ చెప్పేది. తోటలో కాయలు తెంపేవాళ్లను పట్టుకోవడానికి పెట్టారట. ఆ కంచె నేను చూడలేదు గాని కంచె దూకే బుద్ధి మాత్రం మా పిల్లలందరికీ వచ్చింది. దసరా ముందర యూనివర్సిటీ బండల నడుమ సీతాఫలాలు కళ్లు తెరిచేవి. వాచ్‌మన్ అన్నానికి పోయిన వేళ చూసి లాగూ జేబుల నిండా తెంపుకొచ్చేవాళ్లం. తెచ్చి నాయినమ్మ బియ్యం సందుగలో లోతుగా పాతేసేవాణ్ని. టేకు చెక్కల పెద్ద పెట్టె అది. కాపురానికి వచ్చినప్పుడు ఎడ్లబండి మీద వెంట తెచ్చుకున్నదట. కాయలు అందులో మాగేవి. అన్నం వండితే వాసనకు దొరికిపోయేవాణ్ని. ‘దొంగ కాయలకు నా బియ్యం పానుపా’ అని నెత్తి మీద ఒకటి ఇచ్చి, పెద్ద కాయ తాను తీసుకునేది.

బాపు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. లాలాపేట్ మీదుగా సైకిల్ మీద పోయి వచ్చేవాడు. రైల్వే మేకు ఒక్కటి మా ఇంట్లో ఉండేది కాదు. ఆయనకు సొంతంగా ఉన్నది ఒక కాన్వాసు చుట్ట నిండా ఇంగ్లండు పానాలు. కొలువు విడిచి తన దేశం పోతూ ఒక ఇంగ్లండు ఫోర్‌మన్ ఆయన పనితనం మెచ్చి ఇచ్చిపోయినవి. వర్క్‌షాపులో ఎవరి పనిముట్టు వాళ్లు గుర్తుపట్టడానికి తలా ఒక గుర్తు పెట్టుకోవడం ఆనవాయితీ. ఒకరిది చుక్క, ఒకరిది కత్తెర గీత. బాపుది రెండు గీట్లు. రెండెందుకని అడిగితే, “ఒకటి నేను, ఒకటి మీ కాక” అన్నాడు. తాత పోయినప్పుడు కాక, అంటే బాపు తమ్ముడు, నడకలు నేర్చే పిల్లవాడు. బాపే సాకాడు, చదివించాడు.

కాక యూనివర్సిటీ ఇంజినీరింగు కాలేజీ వర్క్‌షాపులో పిల్లలకు పని చూపించే కొలువులో ఉండేవాడు. నూనె పెట్టి వెనక్కి దువ్విన క్రాపు, నోట్లో ఈల. నోరు తెరిస్తే ‘మన’. మన యూనివర్సిటీ, మన బస్సు, మన ఇరానీ హోటలు, కడకు మన చందమామ. ఆయన ‘మన’ అంటే ఆ వస్తువులో నాకు సగం వాటా రాసిచ్చినట్టే ఉండేది. బడిలో నాకేదీ అట్లా ఎవరూ రాసివ్వలేదు.

ఆ సీతాఫలాల కాలంలోనే ఒక పైదేశపు ప్రొఫెసరు కొలువు ముగించుకొని పోతూ, తన బంగళా వెనక షెడ్డులో ఎప్పటినుంచో చచ్చిపడి ఉన్న కారును కాకకు ఇచ్చేశాడు. సీటులో కోడి గుడ్లు పెట్టి ఉందట. తాళాలు ఇస్తూ నవ్వాడట కూడా. ఆ నవ్వుకు అర్థం మాకు తర్వాత తెలిసింది.

బండిని ఇంటికి తేవడానికి గడ్డి తోలే ఆయన ఎడ్లను అడుక్కొచ్చాం. మోకులు కట్టి లాగిస్తుంటే కాక నల్లద్దాలు పెట్టుకొని స్టీరింగు పట్టుకున్నాడు. పక్క సీటులో నేను. హాస్టలు పిల్లలు వరండాల మీదికి వచ్చి చూశారు. “అన్నా, నీ ఎడ్లకు ఎన్ని గేర్లు?” అని ఒకడు అరిచాడు. కాక తల కూడా తిప్పకుండా, “మన బండికి రెండే గేర్లు తమ్మీ. ఛల్ ఒకటి, హో ఒకటి” అన్నాడు. యూనివర్సిటీ నుంచి తార్నాకకు దిగే ఆ వాలులో ఎడ్లకంటే బండే ముందుకు పోతానని తొందరపడింది. నా జన్మలో అంత గొప్పగా నేను ఎక్కడికీ పోలేదు.

బర్రెను అమ్మేశాక ఖాళీగా ఉన్న కొట్టంలో బండిని కట్టేశాం. అవును, కట్టేశాం. బ్రేకు పట్టేది కాదు, గుంజకు తాడు వేశాం. నాయినమ్మ నడుం మీద చేతులు పెట్టుకొని చుట్టూ తిరిగి చూసింది.

“గిది పాలిస్తదా?”

“ఇంగ్లండుదమ్మా ఇది” అన్నాడు కాక.

“ఇంగ్లండు బర్రె అయితే ఇంకింత మేస్తది” అని లోపలికి పోయింది. తెల్లారి లేచి చూస్తే బండి కింద నల్లటి నూనె మడుగు కట్టి ఉంది. పాలియ్యలేదు గాని ఉచ్చ మాత్రం పోసిందని వాడకట్టంతా చెప్పుకొచ్చింది.

---

కాలేజీ పానాలతో మొదలుపెట్టాం. ఒక్కటీ పట్టలేదు. జారి జారి నట్ల మూలలు అరిగిపోతున్నాయి. మా చేతుల తోలు ఊడిపోతోంది. అవి ఇంగ్లండువాళ్ల పాత కొలతలని, రైల్వేలోనే నడుస్తాయని బాపు చూడగానే చెప్పాడు. కొంచెంసేపు నిలబడి, లోపలికి పోయి కాన్వాసు చుట్ట తెచ్చాడు. కాక చెయ్యి చాపాడు. బాపు మాత్రం నా చేతిలో పెట్టాడు.

“నీ చేతికిస్తున్న బిడ్డా. నీ చేతుల నుంచే నాకు మళ్ల రావాలె.”

ఆ మాట గుర్తుపెట్టుకొమ్మని చదివేవాళ్లను వేడుకుంటున్నాను. నేనైతే ఒక్క పూటా మరవలేదు.

ఆ చలికాలమంతా బడి నుంచి వస్తూనే కొట్టంలో దూరేవాణ్ని. జొన్నరొట్టెలో ఉల్లికారం పెట్టి అమ్మ అక్కడికే పంపేది. రొట్టెకు పెట్రోలు వాసన, పెట్రోలుకు ఉల్లిగడ్డ వాసన. కాక పైన, నేను కింద. ఆ బండి బుద్ధి తొందరగా అంతుపట్టేది కాదు. ఒకరోజు దీపాలు వెలిగేవి, హారను పలికేది కాదు. మరునాడు హారను ఆగేది కాదు. పెళ్లికొడుకు అలిగినట్టు అలుగుతుందని నాయినమ్మ దానికి ‘అలక బండి’ అని పేరు పెట్టింది.

బ్యాటరీ కట్టిన రోజు ఇంటికి నిప్పంటుకునేదే. మైనస్ తీగ బండి ఒంటికి తగిలించాలని లోకంలో అందరికీ తెలుసు. మేమూ అదే చేశాం. పటపటమని నిప్పురవ్వలు లేచి, తీగలు కాలి, లక్క వాసనతో కొట్టం నిండిపోయింది. పక్కింటివాళ్లు బిందెలతో ఉరికొచ్చారు. ఆ కాలపు ఇంగ్లండు బండ్లు కొన్ని ప్లస్ తీగనే ఒంటికి కట్టుకుంటాయని ఆ తర్వాత ఎవరో చెప్పారు. కాక సిగ్గుపడే రకం కాదు. మాడిన తీగలన్నీ పీకి పారేసి, ఒక టాక్సీ నుంచి విప్పిన డైనమో బిగించి, స్కూటరు హారను పెట్టి, మైనస్ తీగనే ఒంటికి కట్టాడు. “ఇగ ఇది ఇంగ్లండుది కాదురా, మన హైదరాబాదుది” అన్నాడు. అది చెడగొట్టడం కాదట, బాగు పెంచడమట.

ఆ బోర్డు రాసినవాళ్లు ఈ ముక్క వినాలి.

తర్వాత అడుగు పలకలు. కాళ్ల కింద చెక్క కుళ్లి, ఒకరోజు నా కాలు దిగబడి నేల తగిలింది. కొత్త టేకు ఎక్కడి నుంచి తెస్తాం? కాక కన్ను నాయినమ్మ సందుగ మీద పడింది. ఆమె దగ్గర కూర్చొని కాళ్లొత్తాడు. మన బండి అన్నాడు, మన అందరిది అన్నాడు. నడిచిన నాడు మొట్టమొదట నిన్నే ఎక్కించి యూనివర్సిటీ అంతా తిప్పుతానని ఒట్టు పెట్టాడు. నాయినమ్మ బియ్యాన్ని కుండల్లోకి ఎత్తి, సందుగ ఖాళీ చేసి, లోపల చేత్తో ఒకసారి తడిమి ఇచ్చేసింది. రంపం నడుస్తుంటే మాత్రం పెరట్లోకి పోయి కూర్చుంది.

బండి లేచే రోజు రానే వచ్చింది. నాయినమ్మ పొద్దున్నే తలంటుకొని, పెట్టెలో మడత పెట్టిన గద్వాల చీర కట్టుకొని గడప మీద కూర్చుంది. కాక మీట తిప్పాడు. తిప్పగానే వెనక నుంచి పెట్రోలు పంపు టక్ టక్ టక్ అనాలి. అనలేదు. ముందర కడ్డీ పెట్టి తిప్పాను, కాక తిప్పాడు, బాపు తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు. ఎండ నడినెత్తికొచ్చింది. నాయినమ్మకు ఒళ్లు మండింది. ఎడమ కాలి చెప్పు తీసి వచ్చి, బండి వెనక తొంటి మీద ఫెడేల్మని ఒకటి ఇచ్చింది.

“కొట్టం మింగితివి, సందుగ మింగితివి, ఇంకా లేవవా?”

టక్. టక్ టక్ టక్.

బండి లేచింది. వాడకట్టు పిల్లలంతా గంతులేశారు. కాక నన్ను పక్కన వేసుకొని, “ఒక్క చక్కర్ కొట్టి చూసొస్తం అమ్మా, బ్రేకులు నమ్మకం లేదు” అని గేటు దాటించాడు. ఆ ఒక్క చక్కర్ మెట్టుగూడ దాకా పోయింది. అక్కడ ఇరానీ చాయ్, ఉప్పు బిస్కట్లు. మళ్లీ యూనివర్సిటీ, నీలగిరి చెట్ల గాలి, సాయంత్రపు ఎండలో తేనె రంగు తిరిగిన ఆ రాతి కాలేజీ. ఇంటికొచ్చేసరికి నాయినమ్మ గద్వాల చీర విప్పి మడత పెట్టేసింది. “రేపమ్మా” అన్నాడు కాక. ఆ రేపు రాలేదు. ఆమె పోయేదాకా రాలేదు.

అప్పటి నుంచి ఆ ఎడమ చెప్పు సీటు వెనకే ఉండేది. బండి అలిగితే చెప్పు తీసి తొంటి మీద కొట్టడమే. కాక బూటుతో కొట్టి చూశాడు, లేవలేదు. నా చెప్పుతో కొట్టి చూశాను, లేవలేదు. నాయినమ్మ చెప్పుకే లేస్తుందని మేము నిజంగా నమ్మాం. ఆమె ఒంటి చెప్పుతో తిరగలేక, ఇంట్లో వట్టి కాళ్లతో తిరిగేది. పంపులో కరెంటు తగిలే చోట చిన్న బిళ్లలు అంటుకుపోతాయని, సరైన జాగాలో ఏది తగిలినా విడిపోతాయని మెట్టుగూడ దుకాణంలో చేరాక గాని నాకు తెలియలేదు. ఆమె చెయ్యి సరైన జాగాలో పడింది, అంతే.

బండిలో తిరుగుతూ కాక ముందుముందు సంగతులు చెప్పేవాడు. తార్నాక చౌరస్తాలో షెడ్డు పెడతామట. మన షెడ్డు. ఇంగ్లండు బండ్లు ఎవరివి చెడినా మన దగ్గరికే రావాలట. “నువ్వు చదివి ఏం చేస్తవ్ రా? గుమస్తా అయితవా? మన షెడ్డుకు ఉస్తాద్‌వి నువ్వే” అనేవాడు. ఎదురుగాలికి కళ్లలో నీళ్లొచ్చేవి. ఆ నీళ్లలోంచి చౌరస్తాలో మా బోర్డు నాకు కనపడేది.

---

అది నా మెట్రిక్ ఏడు. లెక్కల పరీక్ష ముందు రోజు కాక కొట్టంలోకి పిలిచాడు. కాచిగూడలో లాడ్జి ఉన్న పెద్దమనిషి ఒకాయన, తన బిడ్డకు పెళ్లికొడుకుగా కాకను చూడటానికి తెల్లారి పొద్దున వస్తున్నాడు. బండి ఎక్కించి తిప్పాలి. ఇద్దరు లేనిదే బండి లేవదు. ఒకరు ముందర కడ్డీ తిప్పాలి, ఒకరు వెనక చెప్పు పట్టుకొని నిలబడాలి.

“పరీక్ష ఉన్నది కాకా” అన్నాను.

“ఒక్కటే గదరా. సెప్టెంబర్ల మళ్ల రాస్తవు. నా పెండ్లి మళ్ల మళ్ల అయితదా? నువ్వు లేంది మన బండి లేవదు.”

తెల్లారి అమ్మ పెరుగూ చక్కెరా చేతిలో పెట్టింది. తిని, కొత్త నిబ్బు పెన్ను జేబుకు పెట్టుకొని బయలుదేరాను. మలుపు దాకా పోయి, ఇంటి వెనక సందులోంచి కొట్టంలోకి వచ్చాను. బాపు అప్పటికే డ్యూటీకి పోయాడు.

లాడ్జి పెద్దమనిషి మంచివాడే. బండి చుట్టూ తిరిగి, “ఎవరిది ఇది?” అని అడిగాడు. కాక, “మాదే” అన్నాడు. నేను చెప్పును వీపు వెనక దాచుకొని నిలబడి ఉన్నాను. ఆ ‘మాదే’ విని జానెడు ఎత్తు పెరిగాను.

ఎందుకో చెప్తాను. నాకు బడిలో ఇంగ్లిషు అంటలేదు. బ్యాటరీలు చుట్టి వచ్చే పాత పేపర్లు చదివి సొంతంగా నేర్చుకున్నాను. అప్పుడు తెలిసింది, వాళ్లకు ఈ సంగతికి ఒక్కటే మాటని. మనకు రెండున్నాయి. ‘మన’ అంటే వినేవాడూ లోపలివాడే. ‘మా’ అంటే వినేవాడు బయట. ఆ రోజు వింటున్నది లాడ్జి పెద్దమనిషి. బయట ఉన్నది ఆయన. ‘మా’ లోపల కాక ఉన్నాడు, బాపు ఉన్నాడు, సందుగ ఇచ్చిన నాయినమ్మ ఉంది, చెప్పు పట్టుకున్న నేనున్నాను. నా లెక్కల పరీక్ష ఆ ఒక్క మాటకు చెల్లిపోయిందనుకున్నాను.

సంబంధం ఖాయమైంది. ముంజలు దిగే కాలంలో పెళ్లి. బండికి కనకాంబరాలు చుట్టారు. కాచిగూడలో ఊరేగింపు మొదలయ్యే ముందర అది మళ్లీ అలిగింది. ఎవరికీ కనపడకుండా తువ్వాలలో చెప్పు చుట్టుకొని వెనకకు పోయి ఒకటి ఇచ్చాను. బాజాల్లో ఆ చప్పుడు కలిసిపోయింది. కాక తిరిగి చూసి కన్ను కొట్టాడు. ఆయన నన్ను చూసి కన్ను కొట్టడం అదే కడసారి.

పరీక్ష ఫలితాలు పేపర్లో వచ్చాయి. నా నెంబరు లేదు. బాపు బడికి పోయి అడిగితే, లెక్కల రోజు మీవాడు రానే లేదన్నారు. ఇంటికొచ్చాడు. కాకను, నన్ను ఎదురెదురుగా నిలబెట్టాడు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. బాపు కాక దిక్కు తిరిగాడు.

“నువ్వన్నవా, పోవద్దని?”

కాక నా కళ్లలోకి చూడలేదు. కొత్త ఉంగరాన్ని వేలి చుట్టూ తిప్పుకున్నాడు. “నేనెందుకంట అన్నా? పిల్లగాని చదువు చెడగొడ్తనా? వానికే భయమై పోలేదు. గిప్పుడు నా మీద పెడుతున్నడు.”

బాపు ఇద్దరినీ చూశాడు. ఎవరిని నమ్మాడో ఆ రోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. సాకిన తమ్ముడు ఒక దిక్కు, కన్న కొడుకు ఒక దిక్కు. అంగీ తొడుక్కొని డ్యూటీకి పోయాడు. ఆ రోజు తనకు సెలవని కూడా మరిచిపోయాడు.

కాక కాపురం కాచిగూడకు మార్చిన రోజు సంగతి ఇంకొకటి ఉంది. కొత్త పెళ్లికూతురు చిన్నమ్మ పక్క సీటులో కూర్చుంది. ఆమె మీద నాకు కోపం లేదు, ఆమెకు ఏం తెలుసు? కాక అద్దం తుడుస్తున్నాడు. దగ్గరికి పోయి, షెడ్డు ఎప్పుడు పెడుతున్నామని అడిగాను.

“షెడ్డు గిడ్డు ఏం లేదురా. ఇగ మా బండి జోలికి నువ్వు రాకు. మా బండికి కాచిగూడల మంచి మెకానిక్ ఉన్నడు.”

ఈసారి వింటున్నది లాడ్జి పెద్దమనిషి కాదు, నేను. ఆయన బయట నిలబెట్టింది నన్ను. తిట్టినా అంత తగిలేది కాదు. తెలుగు తెలిసినవాడు తెలుగు తెలిసినవాడిని ఒక్క అక్షరం మార్చి వెళ్లగొట్టగలడు.

“బాపు పానాలు సీటు వెనక ఉన్నయి” అన్నాను. చివరికి మిగిలింది అదొక్కటే.

“పంపిస్త తియ్” అన్నాడు.

చిన్నమ్మ ముక్కు మూసుకొని, ఈ పాత చెప్పు ఏమిటని అడిగింది. కాక దాన్ని రెండు వేళ్లతో పట్టి కొట్టం మూలకు విసిరేశాడు. బండి ఆ రోజు అలగకుండా పోయింది. దానికీ సిగ్గు లేదు. నాయినమ్మ వచ్చి చెప్పు ఏరుకుంది. దుమ్ము దులిపి, కాలికి వేసుకొని, రెండో చెప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ లోపలికి పోయింది.

సెప్టెంబరు పరీక్షకు బాపు ఫీజు కట్టాడు. నేను పోలేదు. తప్పు నాదేనని చాలామంది అన్నారు. అననీ. అలిగిన బండిని లేపడానికి ఇంట్లో ఒక చెప్పుండేది, అలిగిన నన్ను లేపడానికి ఎవరి దగ్గరా ఏమీ లేకపోయింది. మెట్టుగూడలో బ్యాటరీ దుకాణంలో కూర్చున్నాను.

పానాలు రాలేదు. బాపు అడగలేదు, ఆయన అడగకపోవడమే నన్ను ఎక్కువ కోసింది. రిటైరైనాక ఇంట్లో బోరింగు నట్టు వదులైతే, జీవితమంతా పానా పట్టిన మనిషి పక్కింటికి పోయి పానా అడిగి తెచ్చుకునేవాడు. అది చూడలేక నేను కొత్త సెట్టు కొని తెస్తే, “ఉండనీ, నీ దుకాణంల పనికొస్తయి” అని తీసుకోలేదు. ఆయన పోయినప్పుడు కాక వచ్చాడు, ఆటోలో. చాలా ఏడ్చాడు. అప్పుడూ వట్టి చేతులతోనే వచ్చాడు.

---

ఆ పానాలు మఖమల్ మీద.

బండి పక్కన నిలబడి ఇద్దరు కుర్రవాళ్ల కెమెరాకు ఒకాయన చెబుతున్నాడు. గుర్తుపట్టాను, కాక కొడుకు. నాకు తమ్ముడి వరస. తన తండ్రి ఒక్కడే, ఎవరి సాయమూ లేకుండా, ఈ బండిని బతికించాడట. కాళ్ల కింది పలకలు కూడా ఇంగ్లండు కర్రేనట. వంగి చూశాను. నల్లబడ్డ టేకు. మూలన సందుగ గొళ్లేనికి కొట్టిన బెజ్జం మాత్రం అట్లాగే ఉంది. నాయినమ్మ ఎక్కని బండిలో ఆమె సందుగ ఇన్నేళ్లుగా తిరుగుతోంది, ఎవరెవరి కాళ్ల కిందనో.

అంతలో ఊరేగింపు మొదలైంది. బండ్లు ఒక్కొక్కటే లేచి కదులుతున్నాయి. ఆకుపచ్చ బండిలో తమ్ముడు కూర్చొని మీట తిప్పాడు. పిలిపించిన ముఖ్య అతిథి పక్క సీటులో చెయ్యి ఊపడానికి సిద్ధంగా ఉన్నాడు. టక్ టక్ వినపడలేదు. మళ్లీ తిప్పాడు. మెకానిక్ బండి ముందరి మూత తెరిచి తల దూర్చాడు. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. తమ్ముడి అంగీ వీపంతా తడిసిపోయింది.

షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. టోపీ కింద నూనె పెట్టి వెనక్కి దువ్విన నెరిసిన క్రాపు. నన్ను చూశాడు. మొదట గుర్తుపట్టలేదు, తర్వాత గుర్తుపట్టాడు. చూపు నేరుగా నా కాళ్ల మీదికి, నా చెప్పుల మీదికి దిగింది.

“నువ్వా? రా రా, మంచిగ దొరికినవ్. జర నువ్వొకటి కొట్టు. మన బండే గదరా.”

ఆ మాట కోసం ఎన్ని ఏండ్లు చెవి తెరుచుకొని ఉన్నానో నాకే తెలుసు. దుకాణంలో ఒక్కణ్నే కూర్చున్నప్పుడు ఆయన వచ్చి ఎట్లా అంటాడో గొంతుతో సహా అనుకునేవాణ్ని. సరిగ్గా అదే గొంతు. వచ్చింది బండి లేవనప్పుడు.

నేను బండి వెనకకు పోలేదు. బల్ల దగ్గరికి పోయి, భుజం మీది తువ్వాల పరిచి, పానాలు ఒక్కొక్కటే తీసి దాని మీద పెట్టాను. తమ్ముడు ఉరికొచ్చాడు.

“అన్నా, అవి బండివి.”

“బండి మీది” అన్నాను. “పానాలు మావి.”

ఆ ‘మావి’ వాడికి తగలలేదు, వాడు తెల్లబోయి చూశాడు. తగలాల్సిన మనిషికి తగిలింది. కాక బల్ల అంచు పట్టుకొని వంగి, వేలితో ఒక పానా మెడ తడిమాడు.

“రెండో గీటు నాది గదరా” అన్నాడు, మెల్లగా.

“ఉండె కాకా” అన్నాను.

మూట కట్టుకున్నాను. ఎవరూ ఆపలేదు. నేను తిరిగి చూడలేదు. ఎడ్లు కట్టి బండిని తెచ్చిన దారే. ఇప్పుడు నడవడానికి పక్కన బండలు పరిచారు, అవతల మెట్రో స్తంభాలు కనపడుతున్నాయి. వాలు మాత్రం అదే వాలు. వెనక ఇంజను లేస్తుందేమోనని చెవి అటే ఉంది. లేవలేదు. మూటలో పానాలు మాత్రం నా నడకకు ఒకదానికొకటి తగిలి, టక్ టక్ టక్ అంటూ తార్నాక దాకా వచ్చాయి.

ఇంటికొచ్చి గోడ మీది బాపు ఫోటో కింద మూట పెట్టాను. నా చేతుల నుంచే మళ్లీ రావాలన్నాడు. వచ్చాయి. తీసుకునే చెయ్యి లేదు.